చక్రాల మీద కాపురం

మనవాళ్లు ఎవరైనా కొత్తగా కలిస్తే మొట్టమొదట అడిగే ప్రశ్న, "మీదే ఊరండీ?" అని. బరంపురంలో పుట్టి పెరిగిన నాబోటివాడికి ఆ ప్రశ్న ఎప్పుడూ ఇబ్బందే. "బరంపురం" అంటే సరిపోదు. "అది సరేనండీ, అసలు ఊరు?" అంటారు. అసలు ఊరూ అదే మహాప్రభో అంటే నమ్మరు. మా తాతగారు ఆ ఇంట్లో పుట్టేనాటికి మాది మద్రాసు రాజధాని. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లాతో పాటు మేమూ అందులోకి వెళ్లిపోయాం. వెళ్లాం అనడం కూడా తప్పే. మేమున్న చోటే ఉన్నాం. సరిహద్దే నడుచుకుంటూ వెళ్లి ఇచ్ఛాపురం దగ్గర కూర్చుంది. మా అబ్బాయి చదువుకి సీటు కోసం తిరిగిన రోజుల్లో ఒక ఆఫీసులో వాణ్ణి నాన్-లోకల్ అన్నారు, ఇంకో ఆఫీసులో "మీరు తెలుగువాళ్లు కదా" అన్నారు. హోసూరు వాళ్లకూ, బళ్లారి వాళ్లకూ, షోలాపూరు వాళ్లకూ ఈ కథ నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు ఎత్తుకున్నానంటే, ఇల్లన్నది ఒక చోట లేకుండా, ఊరన్నది కాగితం మీద తప్ప లేకుండా బతుకుతున్న మనుషుల మధ్య ఎనిమిది రోజులు గడిపి వచ్చాను. అది 2020 జనవరి నెలాఖరు. అమెరికాలో, అరిజోనా ఎడారిలో. రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి, పెద్ద మోటారు బండి కొనుక్కుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, ఏడాది పొడుగునా దేశం తిరిగే ముసలి దంపతులు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు. వాటిని వాళ్లు ఆర్వీలంటారు. అలా ఏడాదంతా తిరిగేవాళ్లను ఫుల్ టైమర్లంటారు.

మా ఇంటి పరిస్థితి కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అబ్బాయి బెంగుళూరులో, అమ్మాయి ఫీనిక్సులో. "మీరిద్దరూ ఆ పాత కొంపలో ఎందుకు నాన్నా, అమ్మేసి ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ ఉండండి" అని ఇద్దరూ ఒకటే పోరు. 2019 అక్టోబరులో మేము అమెరికా బయలుదేరే ముందే ఒకాయన వచ్చి మంచి ధర చెప్పాడు. జనవరి ఆఖరుకల్లా మాట చెప్పమన్నాడు. నాకు అమ్మేద్దామనే ఉంది. మా ఆవిడ ఔననలేదు, కాదనలేదు. "మీ ఇష్టం" అంది. పెళ్లయిన నలభై ఏడేళ్లలో ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలియకపోలేదు, కానీ తెలియనట్టే ఊరుకున్నాను.

నేను రైల్వేలో గూడ్సు గార్డుగా పని చేశాను. (2022లో ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. జీతం సంగతి అడగకండి.) ఖుర్దా రోడ్డు నుంచి పలాస దాకా, మళ్లీ వెనక్కి. బ్రేక్ వ్యానులో లైన్ బాక్సు ఒకటి: జెండాలు, దీపం, పటాసులు, దాని పక్కన మా ఆవిడ కట్టిచ్చిన క్యారేజీ. పక్కనుంచి చిలకా సరస్సు వెళ్తూంటే అన్నం తినేవాణ్ణి. పలాస రన్నింగ్ రూములో పడక. అలా ముప్పై ఏళ్లు. అందుచేత చక్రాల మీద బతుకంటే నాకు కొత్తా లేదు, భయమూ లేదు. మా ఆవిడకి ఆ ముప్పై ఏళ్లూ ఇల్లే. మా అమ్మకి చాకిరీ, పిల్లల చదువులు, నుయ్యి, పెరట్లో పనస చెట్టు. ఇంటి దస్తావేజు నా పేరున ఉంది గాని, ఇల్లు ఆవిడది.

మా అల్లుడు ఈ సంగతులన్నీ విని, "మామయ్యగారూ, మీకు తిరుగుడు సరదా కదా, ఒక మోటార్ హోమ్ అద్దెకి తీసుకుని క్వార్ట్‌జ్‌సైటు వెళ్దాం రండి" అన్నాడు. రోజుకింత, మైలుకింత, జనరేటరు ఆడిస్తే గంటకింత అని అద్దె. ముప్పై అడుగుల బండి. దాన్ని నడపడానికి మామూలు కారు లైసెన్సే చాలంటే నాకు నోట మాట రాలేదు. మన దగ్గర బ్రేక్ వ్యానులో కూర్చోవడానికే ఎన్ని పరీక్షలో!

లోపల చూస్తే నిజంగా ఇల్లే. డ్రైవరు సీటు వెనక సోఫా, బల్ల, మూడు బర్నర్ల గ్యాసు పొయ్యి, కరెంటు మీదా గ్యాసు మీదా కూడా పనిచేసే ఫ్రిజ్జు, చిన్న స్నానాల గది, చివర మంచం. బండి ఆపి మీట నొక్కితే ఒక పక్క గోడ బయటికి జరిగి, గది పెద్దదవుతుంది. మా ఆవిడ ముందుగా అల్మారాలన్నీ తెరిచి చూసింది. తరవాత, "తలుపులకి గొళ్లాలెందుకే ఇన్ని?" అని అమ్మాయిని అడిగింది. బండి మలుపు తిరిగితే గిన్నెలు మీద పడకుండా అని చెప్పింది అది. "అంటే కదిలేముందు రోజూ అన్నీ సర్ది మూయాలన్నమాట" అంది మా ఆవిడ, ఇంకేమీ అనలేదు.

ఫీనిక్సు నుంచి పడమటికి రెండు వందల కిలోమీటర్లు. లీటరుకి మూడున్నర కిలోమీటర్లకు మించి రాలేదు. దారంతా బోడి కొండలు, చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా సువారో కాక్టస్ చెట్లు. క్వార్ట్‌జ్‌సైటు వేసవిలో మూడు నాలుగు వేల మంది ఉండే చిన్న ఊరు. ఎండలు నలభై అయిదు దాటుతాయట. చలికాలం వచ్చేసరికి ఉత్తరాది మంచు తప్పించుకుని లక్షల్లో వచ్చి పడతారు. హైవే దిగేసరికి ఎడారి నిండా కనుచూపు మేర తెల్లటి బండ్లే. మొదటిసారి చూసినప్పుడు నాకు పుష్కరాలు గుర్తొచ్చాయి. తేడా ఏమిటంటే అక్కడ నది లేదు. నీళ్లు ఎవరి ట్యాంకులో వాళ్లవి.

ఊళ్లోకి వెళ్లగానే శ్మశానంలో ఒక సమాధి చూపించాడు అల్లుడు. రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, పైన రేకుతో చేసిన ఒంటె. 1850లలో అమెరికా సైన్యం ఎడారిలో సామాన్లు మోయించడానికి ఒంటెల్ని తెప్పించింది. వాటితో పాటు వచ్చిన ఒంటెల మనిషి హాజీ అలీ. ఆ పేరు ఇక్కడివాళ్ల నోరు తిరగక "హై జాలీ" అయింది. ఒంటెల ప్రయత్నం విఫలమైపోయింది. ఆయన మాత్రం వెనక్కి వెళ్లలేదు, 1902లో ఇక్కడే పోయాడు. 1935లో ప్రభుత్వం వారు ఈ పిరమిడ్ కట్టారు. రాయి మీద తప్పు పేరే చెక్కి ఉంది. రైల్వే రికార్డుల్లో మా ఇంటిపేరు నాలుగు రకాలుగా పడింది కాబట్టి ఆయన మీద నాకు వెంటనే అభిమానం కలిగింది.

ఊరికి దక్షిణాన లా పోసా అని ప్రభుత్వ భూమి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకూ అక్కడ ఉండనిస్తారు. మేము వెళ్లినప్పుడు ఆ ఏడు నెలలకీ కలిపి 180 డాలర్లు, పద్నాలుగు రోజులకైతే 40 డాలర్లు. దానికి మంచినీళ్ల కుళాయి, చెత్త పారేసే చోటు, ట్యాంకులు ఖాళీ చేసే చోటు ఇస్తారు. కరెంటు లేదు. ఆ డబ్బు కూడా పెట్టలేని వాళ్లకి చుట్టుపక్కల ఉచితంగా ఆగే మైదానాలున్నాయి, పద్నాలుగు రోజులైతే కదలాలి. గీతలు లేవు, నంబర్లు లేవు. నచ్చిన పొద పక్కన బండి ఆపుకోవడమే. అయినా ఎవరూ ఎవరి మీదా పడరు. పక్క బండికి చూసుకుని దూరంగా ఆపుతారు. ఆ దూరం చూసి మా ఆవిడ, "వీళ్లకి పప్పులోకి ఉప్పు అప్పు కావాలంటే ఆటో ఎక్కాలి కాబోలు" అంది.

ట్యాంకుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ కాపురమంతా దాని మీదే నడుస్తుంది, యాత్రలు రాసేవాళ్లు మాత్రం దాన్ని వదిలేస్తారు. బండికి మూడు ట్యాంకులు. ఒకటి మంచినీళ్లది, మా దాంట్లో నూట యాభై లీటర్లు పట్టేది. రెండోది స్నానం, వంటింటి తొట్టి నీళ్లు చేరేది, దాన్ని బూడిద ట్యాంకంటారు. మూడోది నల్ల ట్యాంకు, దాని వివరం అక్కర్లేదు. నలుగురికి నూట యాభై లీటర్లు ఎన్నాళ్లు? మొదటిరోజు మా ఆవిడ అలవాటు కొద్దీ బియ్యం మూడుసార్లు కడిగింది, గిన్నెలు ధారగా తొలిచింది, నేను చెంబుడు చెంబుడు పోసుకున్నాను. రెండోరోజు సాయంత్రానికి కుళాయి గుర్రుమంది. ఆ తరవాత కడుగు నీళ్లు కూడా బకెట్లో పట్టి ఇంకోదానికి వాడాం. నాలుగు రోజులకొకసారి బండి తీసుకెళ్లి ట్యాంకులు ఖాళీ చేయాలి. ముందు నల్లది వదలాలి, తరవాత బూడిదది, ఆ సబ్బు నీళ్లతో గొట్టం కడుక్కుపోవాలి. ఇంజనీర్లూ, కర్నళ్లూ, పంతుళ్లూ చేతులకి తొడుగులేసుకుని వరసలో నిలబడి ఈ పని ఎవరిది వాళ్లు చేసుకుంటారు. మా నాన్నగారు చూస్తే ఏమనేవారో! నాకైతే అక్కడి మర్యాదల్లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఆ వరసలోనే పరిచయమయ్యారు మేష్టారు. మిన్నెసోటా రాష్ట్రంలో బడిపంతులుగా చేసి రిటైరైనవారు. అప్పటికి డెబ్భై నాలుగేళ్లు. భార్య ఆసుపత్రి నర్సుగా చేసిందావిడ. పేరు పెట్టి పిలవమన్నారు గాని నాకు నోరు రాలేదు. "మేష్టారూ" అనే పిలిచాను. అర్థం చెబితే ముచ్చటపడి, తన భార్యతో కూడా ఒకసారి అనిపించుకున్నారు. తొమ్మిదేళ్లుగా ఫుల్ టైమర్లు. వాళ్లది ముప్పై నాలుగు అడుగుల మోటార్ హోమ్, కప్పు మీద సోలారు పలకలు, వెనక చిన్న కారు కట్టి లాక్కుంటూ తిరుగుతారు. చలికాలం అరిజోనా, వేసవికి ఉత్తరాన కొండలు. కొన్నేళ్లు జాతీయ వనాల్లో క్యాంపు చూసుకునే పని చేస్తే చోటు ఉచితంగా ఇచ్చారట. అక్కడ అరవై రెండేళ్లు దాటిన పౌరులకి ఎనభై డాలర్లకి జన్మంతా చెల్లే పాసు ఒకటి ఇస్తారు. 2017 దాకా అది పది డాలర్లే. క్యాంపు రుసుములో కూడా చాలా చోట్ల సగం తగ్గింపు. "ధర పెరగకముందే కొన్నాను" అని మేష్టారు ఆ కార్డు చూపించిన తీరు, మా రోజుల్లో ఫస్టుక్లాసు పాసు చూపించినట్టే ఉంది.

రెండోనాటి సాయంత్రం ఆయన అడిగారు, "మీదే ఊరు?" అని. అక్కడా తప్పలేదు! నేను బరంపురం కథంతా చెప్పాను, 1936తో సహా. ఆయన పడీ పడీ నవ్వి, జేబులోంచి లైసెన్సు తీశారు. దాని మీద సౌత్ డకోటా రాష్ట్రం చిరునామా ఉంది. "ఇక్కడ నేను ఎన్ని రాత్రులు పడుకున్నానో చెప్పండి" అన్నారు. నేను చెప్పలేకపోయాను. "ఒక్క రాత్రి" అన్నారు.

సంగతేమిటంటే, ఎంత తిరిగేవాడికైనా లైసెన్సుకీ, బండి రిజిస్ట్రేషనుకీ, పన్నుకీ, బ్యాంకుకీ ఒక ఊరంటూ ఉండాలి కదా. సౌత్ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడా ఈ మూడు రాష్ట్రాల్లో ఆదాయం మీద రాష్ట్రపు పన్ను లేదు. అందుకని ఫుల్ టైమర్లు ఎక్కువగా వాటినే తమ రాష్ట్రంగా రాయించుకుంటారు. సౌత్ డకోటాలో అప్పట్లో ఒక్క రాత్రి క్యాంపులో ఉన్నట్టు రసీదు, ఉత్తరాలు పుచ్చుకునే కంపెనీలో ఒక పెట్టె నంబరు చూపిస్తే లైసెన్సు ఇచ్చేవారు. ఆ కంపెనీ ఉత్తరాలన్నీ పోగుచేసి, వీళ్లు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి తపాలా ఆఫీసుకి కట్టగట్టి పంపుతుంది. నాలుగు తరాలుగా ఒకే ఇంట్లో ఉండి కూడా లోకలో నాన్-లోకలో తేల్చుకోలేని నాకు, ఒక రాత్రి రసీదుతో ఒక రాష్ట్రం వాడైపోయిన మేష్టార్ని చూస్తే అసూయ కలిగిందని ఒప్పుకోవాలి.

మా ఆవిడ అటు ఆవిడతో కూర్చునేది. ఇంగ్లీషు రాదు, అమ్మాయి మధ్యలో చెప్పేది. వాళ్ల బండిలో పళ్లేలు నాలుగే. ఎవరన్నా ఎక్కువ మంది భోజనానికొస్తే ఎవరి పళ్లెం, ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి. బండి మోయగల బరువుకి లెక్క ఉంటుంది కాబట్టి, కొత్త కోటు కొంటే పాత కోటు ఇచ్చేయాలి. ఇది విన్న రాత్రి మా ఆవిడ పడుకుని లెక్కలు వేసింది. పెళ్లికి పేర్లు కొట్టించి ఇచ్చిన స్టీలు సామాను ఎంత, పుట్టింటి ఇత్తడి కాగు ఎంత, ఆవకాయ జాడీలు ఎన్ని. "మావగారి తద్దినం ఎక్కడ పెడతారండీ, ఈ ఎడారిలోనా?" అంది చీకట్లో. మనమేమీ ఇలాంటి బండి కొనబోవడం లేదు కదా అన్నాను. "ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ అంటే మరేమిటి, ఇదేగా. దీనికి చక్రాలు కనిపిస్తున్నాయి, అంతే" అంది.

నాకు జవాబు తోచలేదు.

మర్నాడు ఆవిడ తనే అమ్మాయిచేత అడిగించింది, "ఇల్లు అమ్మినందుకు మీకెప్పుడూ ఏడుపు రాలేదా?" అని. అమ్మాయి ఇలాంటివి అడక్కూడదంటే వినలేదు. అటు ఆవిడ ఏమీ అనుకోలేదు. అమ్మిన రోజున రాలేదట. మంచు ఎత్తే పని తప్పిందనీ, నేలమాళిగలో ముప్పై ఏళ్ల చెత్త వదిలిందనీ సంతోషంగానే ఉందట. రెండేళ్ల తరవాత మనవరాలి పుట్టినరోజుకి ఆ ఊరు వెళ్లి, చూద్దామని ఆ వీధిలోంచి వెళ్లారట. కొన్నవాళ్లు ఆపిలు చెట్టు కొట్టేసి, ఆ చోట కారు షెడ్డు కట్టుకున్నారు. ఆ వేళ బండి పక్కకి ఆపి ఏడ్చిందట. అప్పట్నుంచి ఆ ఊరు వెళ్లినా ఆ వీధిలోకి వెళ్లరు. అయినా మళ్లీ అమ్మాల్సి వస్తే అమ్ముతానే అందట. ఈ తొమ్మిదేళ్లలో భర్తతో మాట్లాడినంత, అంతకుముందు నలభై ఏళ్లలో మాట్లాడలేదట.

ఈ ఆఖరి మాట అమ్మాయి తర్జుమా చేస్తూంటే మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఒంటె బొమ్మ ఉన్న టోపీ బేరం చేస్తున్నట్టు నటించాను.

అక్కడున్న వాళ్లంతా మేష్టారి లాంటి వాళ్లే అనుకోకండి. మా వెనక ఒక పాత వ్యానులో ఒంటరి ఆడమనిషి ఉండేది, అరవై ఎనిమిదేళ్లు. అందరి బట్టలూ కుట్టి పెట్టేది. అందరూ "ఇల్లు అమ్మేశాం" అంటే ఆవిడ "ఇల్లు పోయింది" అంది. 2008లో అక్కడి బ్యాంకులు, ఇళ్ల ధరలు కూలినప్పుడు అలా పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. పింఛను చాలక అక్టోబరులో ఉత్తరాన చక్కెర దుంపల కోతలకీ, క్రిస్మస్ ముందు అమెజాన్ గిడ్డంగుల్లో పనికీ వెళ్లేవాళ్లు. జెస్సికా బ్రూడర్ అనే పాత్రికేయురాలు వీళ్లతో తిరిగి 2017లో "నోమాడ్‌లాండ్" అని పుస్తకం రాసింది. దాన్ని సినిమా తీస్తే 2021లో ఆస్కారు వచ్చింది. ఇంటికి వచ్చాక చూశాను. క్వార్ట్‌జ్‌సైటు అందులో ఉంది. మనకి బయటినుంచి బండ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల ఉన్నవాళ్లు కావాలని వచ్చారా, గత్యంతరం లేక వచ్చారా అన్నది అడిగితే గాని తెలియదు. ఒకోసారి అడిగినా చెప్పరు.

నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇంకోటి ఉంది. చివరికి అడిగేశాను. "మేష్టారూ, ఒంట్లో బాగోకపోతే?" అరవై అయిదు దాటితే మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంటుంది. అందులో అసలు రకం తీసుకుంటే దేశమంతటా చెల్లుతుంది. ప్రైవేటు కంపెనీల ద్వారా వచ్చే రకాలు చాలావరకు ఒక ప్రాంతానికే పరిమితం. తిరిగేవాళ్లు ఈ తేడా తెలియక చిక్కుల్లో పడతారట. మరి నడపడానికి కళ్లూ చేతులూ సహకరించని రోజు? దానికి వాళ్ల భాషలో "తాళాలు తగిలించేయడం" అని పేరుంది. టెక్సాస్‌లో లివింగ్‌స్టన్ అనే ఊళ్లో ఎస్కేపీస్ అనే ఆర్వీల వాళ్ల క్లబ్బు ఉంది. జో, కే పీటర్సన్ అనే దంపతులు 1978లో మొదలుపెట్టింది. అక్కడ వయసు మళ్లిన సభ్యులకోసం ఒక ఏర్పాటు చేశారు. ఎవరి బండిలో వాళ్లే ఉంటారు, బండి ఇక కదలదు. భోజనం, ఆసుపత్రికి తీసుకెళ్లడం, పగటిపూట చూసుకోవడం వాళ్లు చేస్తారు. "ఆ రోజు మా చక్రాల గాలి తీసేస్తాం" అని మేష్టారు నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు.

ఆరోనాడు పొద్దున్న నేనూ అల్లుడూ బండి తీసుకుని ట్యాంకులు ఖాళీ చేయడానికి వెళ్లాం. ఆడవాళ్లిద్దరూ మేష్టారి బండి ముందు, పందిరి కింద కూర్చున్నారు. వరస పెద్దదవడం వల్ల గంటన్నర పట్టింది. తిరిగి వచ్చి చేతులు తుడుచుకుంటూంటే మా ఆవిడ కాఫీ గ్లాసు అందిస్తూ, "బరంపురం నుంచి ఆయన ఫోన్ చేశాడు. జనవరి అయిపోతోంది కదా, ఏమంటారు అన్నాడు. మేము అమ్మట్లేదని చెప్పేశాను" అంది.

"నన్నడక్కుండానా?"

"మీరు నల్ల ట్యాంకు దగ్గర ఉన్నారుగా."

అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆ ధర మళ్లీ రాదు. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడకుండా ఎడారిలోకి నడిచి వెళ్లాను. చీకటి పడ్డాక చూస్తే వేల కిటికీల్లో దీపాలు. గార్డుగా ఉన్నప్పుడు రాత్రి చిన్న స్టేషను దగ్గర సిగ్నలు కోసం ఆగితే, పొలాల అవతల ఊళ్లో దీపాలు అలాగే కనిపించేవి. అన్ని రాత్రులూ నేను ఆ దీపాల్ని బయటినుంచే చూశాను. మా ఇంట్లో దీపం ఎవరు పెట్టారో, ఎవరు తీశారో నాకు లెక్క లేదు. తిరిగి వచ్చేటప్పుడు చలి అయిదు డిగ్రీలు. మా ఆవిడ బండి మెట్టు మీద శాలువా పట్టుకుని కూర్చుని ఉంది. అన్నం తిన్నాం. ధర గురించి మళ్లీ మాట్లాడుకోలేదు.

మార్చి మొదటివారంలో ఇంటికి వచ్చేశాం. 25 నుంచి లాక్‌డౌన్. వచ్చే ఏడాదికి వెళ్దాం, రెండో ఏడాదికి వెళ్దాం అనుకుంటూ మేము మా పనస చెట్టు కిందే ఉండిపోయాం. ఏప్రిల్‌లో మేష్టారు అల్లుడికి ఉత్తరం రాశారు. వాళ్లున్న పార్కు రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నారట. చుట్టుపక్కల క్యాంపులన్నీ మూసేశారు. ఇంట్లోనే ఉండండి అని ఊరూరా బోర్డులు పెట్టారు, మా ఇల్లు ఇదే, దీన్ని ఎక్కడ పెట్టమంటారు అని రాశారు. చివరికి మిన్నెసోటాలో చెల్లెలి పొలంలో, ధాన్యం కొట్టు పక్కన రెండు నెలలు ఆగారు. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆవిడ "అయ్యో" అంది. "చూశావా, నేనన్నట్టే అయింది" అనలేదు. అది ఆవిడ మంచితనం.

నా వైపు నుంచి కూడా నిజం చెప్పాలి. ఇల్లు ఉంచుకున్నందుకు సుఖంగా ఏమీ లేం. వెనక వరండా ప్రతి వానకీ కారుతుంది. 2021లో నాకు మోకాలి ఆపరేషను అయినప్పుడు మేడ మెట్లెక్కలేక నాలుగు నెలలు ముందుగదిలోనే మంచం. అబ్బాయి ఇప్పటికీ ఫోనులో ఆ ధర గుర్తు చేస్తూంటాడు. వాడు చెప్పేది తప్పు కాదు. మేష్టారికి తొమ్మిదేళ్లలో భార్యతో జరిగిన మాటలు మా ఇంట్లో జరగాలంటే చక్రాలు అక్కర్లేదు కదా అని, మోకాలు నయమయ్యాక మొదలుపెట్టాను. పొద్దున్న కాఫీ అయ్యాక ఇద్దరం పెరట్లో అరగంట కూర్చుంటాం. మొదట్లో ఆవిడకి అనుమానం, ఏదన్నా కాగితం మీద సంతకం కోసమేమోనని.

2023 చివర్లో మేష్టారి దగ్గర్నుంచి నా పేరుకే ఉత్తరం వచ్చింది. కుడికన్ను సరిగా కనిపించడం లేదట. చిన్న కారు అమ్మేశారు. లివింగ్‌స్టన్‌లో చోటు తీసుకున్నారు. పన్నెండేళ్ల తరవాత మొదటిసారి, కవరు మీద ఉన్న చిరునామా, రాత్రి పడుకునే చోటు ఒకటే అయ్యాయని రాశారు. చక్రాల గాలి మాత్రం ఇంకా తీయలేదట, ఆవిడ ఒప్పుకోలేదట.

ఉత్తరం మొత్తం మా ఆవిడకి తెలుగులో చదివి చెప్పాను. కాసేపు ఆలోచించి, "వాళ్లకిచ్చిన చోట్లో మట్టి ఉందేమో అడగండి, ఏదైనా చెట్టు వేసుకోనిస్తారేమో" అంది. అలాగే రాశాను. ఆపిలు అక్కడి ఎండకి బతకదేమో అని నా అనుమానం కూడా రాశాను.

ఆయన మొన్న సంక్రాంతి ముందు జవాబిచ్చారు. కుండీలో నిమ్మ మొక్క పెట్టారట.